లండన్‌కి ఇరవై నిమిషాలు: సెయింట్ ఆల్బన్స్‌లో ఇల్లు కొనేవాళ్లు అసలు కొంటున్నదేమిటి?

సెయింట్ ఆల్బన్స్, హాట్‌ఫీల్డ్ రెండూ లండన్‌కి ఉత్తరాన హెర్ట్‌ఫర్డ్‌షైర్ కౌంటీలో ఉన్న ఊళ్లు. రెండింటి మధ్య ఐదు మైళ్లు. ఏ ఊళ్లో రైలెక్కినా అరగంటలోపే లండన్ నడిబొడ్డున దిగొచ్చు. అయినా అదే సైజు మూడు బెడ్‌రూముల ఇంటికి సెయింట్ ఆల్బన్స్‌లో చెప్పే రేటు వింటే హాట్‌ఫీల్డ్ వాళ్లే నోరెళ్లబెడతారు. సెయింట్ ఆల్బన్స్‌లో ఇంటి సగటు ధర సుమారు 6 లక్షల పౌండ్లు. ఇంగ్లండ్ మొత్తం సగటుకి ఇది దాదాపు రెట్టింపు.

లండన్‌కి దగ్గర కాబట్టి ఖరీదు అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. అదే కారణమైతే హాట్‌ఫీల్డ్ రేటూ అంతే ఉండాలి కదా. సెవెనోక్స్, గిల్డ్‌ఫర్డ్, బీకన్స్‌ఫీల్డ్, హార్పెండెన్ లాంటి లండన్ చుట్టుపక్కల సంపన్నుల ఊళ్లన్నిటికీ వర్తించే సంగతి ఒకటుంది. అక్కడ ఇంటి ధరలో ఇటుకలూ సిమెంటూ చిన్న భాగం. మిగతాదంతా రైలుకి, ఊరి చుట్టూ ఎవరూ కట్టకూడని పొలానికి, పిల్లల బడికి కట్టే ధర. ఈ మూడూ కొరతగా దొరికేవే. వాటిలో రెండింటికి కొరత తెచ్చిపెట్టింది చట్టాలూ నిబంధనలూ. ఆ కొరతలో మన వాటా కొనుక్కోవడంతో ఇక్కడి జీవితం మొదలవుతుంది. ఆ తర్వాత అది తగ్గకుండా చూసుకోవడమే సగం పని.

నిజానికి సెయింట్ ఆల్బన్స్ ఎవరో బిల్డర్ వేసిన కాలనీ కాదు. రోమన్ల కాలంలో దాని పేరు వెరులామియం. బ్రిటన్‌లో మొదటి క్రైస్తవ అమరుడిగా చెప్పుకునే ఆల్బన్‌ని చంపింది ఇక్కడే, ఊరికి పేరొచ్చింది ఆయన వల్లే. పెద్ద కెథడ్రల్ ఉంది, పదిహేనో శతాబ్దం మొదట్లో కట్టిన గడియారపు బురుజుంది. బుధ, శనివారాల్లో ఇప్పటికీ వీధి పొడవునా సంత జరుగుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి ఆడవాళ్లు గడ్డి అల్లి టోపీల పరిశ్రమకి అమ్మేవారు. 1868లో లండన్ నుంచి మిడ్‌ల్యాండ్ రైల్వే లైను వచ్చింది. పైసాకో పొట్లం లెక్కన పూలవిత్తనాలు పోస్టులో పంపి లక్షాధికారైన శామ్యూల్ రైడర్ ఈ ఊళ్లోనే వ్యాపారం చేశాడు, 1905లో మేయరయ్యాడు. గోల్ఫ్‌లో రైడర్ కప్ ఆయన పేరు మీదిదే. ఇంటి వెనక చారెడు తోట ఉన్న ఉద్యోగస్తులే ఆయన గిరాకీ. అంటే ఆఫీసు లండన్‌లో, తోట ఇక్కడ అనే ఏర్పాటుకి వందేళ్లు దాటింది.

ఇప్పుడు ఆ ఏర్పాటు పొద్దున ఏడున్నరకి స్టేషన్‌లో కళ్లకి కడుతుంది. ప్లాట్‌ఫామ్ మీద జనం చెల్లాచెదురుగా నిలబడరు. ఐదారుగురు ఒక చోట, తర్వాత కాస్త ఖాళీ, మళ్లీ ఐదారుగురు. పన్నెండు బోగీల రైలు ఆగితే తలుపులు ఎక్కడికొస్తాయో రోజూ ఎక్కేవాళ్లకి తెలుసు. ఇంకాస్త ముదుర్లు లండన్‌లో మెట్ల ఎదురుగా తెరుచుకునే తలుపేదో లెక్కేసుకుని మరీ ఇక్కడ నిలబడతారు. మాటలుండవు. ఏళ్ల తరబడి ఒకే తలుపు దగ్గర ఎక్కేవాళ్లకి కూడా ఒకరి పేరొకరికి తెలియదు. కానీ వాళ్లలో ఒకరు వారం రోజులు కనపడకపోతే మిగతావాళ్లు గమనిస్తారు. బెడ్‌ఫర్డ్, లూటన్ నుంచి వచ్చే రైలు ఇక్కడికి చేరేసరికే నిండిపోయి ఉంటుంది. 2016లో దించిన కొత్త రైళ్ల సీట్లకి ప్రయాణికులు పెట్టుకున్న ముద్దుపేరు ఇస్త్రీ బల్ల. ఆ బల్ల దొరికినా అదృష్టమే. ఫాస్ట్ రైలైతే ఇరవై నిమిషాలకి అటూ ఇటూగా లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో దింపుతుంది.

ఆ ఇరవై నిమిషాలకి ఏడాది సీజన్ టికెట్ 4 వేల పౌండ్లు దాటుతుంది. అది పన్ను పోగా చేతికొచ్చిన డబ్బులోంచి కట్టాల్సింది. నలభై శాతం పన్ను కట్టే ఉద్యోగి ఆ నాలుగు వేలు మిగుల్చుకోవాలంటే దాదాపు 7 వేలు సంపాదించాలి. ఏడాది టికెట్ ధర నలభై వారాల టికెట్లతో సమానం. వారానికి ఐదు రోజులు వెళ్లేవాడికి అది లాభమే. కోవిడ్ తర్వాత ఆ లెక్క తలకిందులైంది. చాలామంది మంగళ, బుధ, గురువారాలు ఆఫీసుకెళ్లి సోమ, శుక్రవారాలు ఇంట్లో పనిచేస్తున్నారు. వీళ్ల కోసమే 2021 జూన్‌లో ఇరవై ఎనిమిది రోజుల్లో ఏవైనా ఎనిమిది రోజులు తిరిగే ఫ్లెక్సీ టికెట్ తెచ్చారు. దాంతో రైలు వారం మధ్యలో కిక్కిరిసిపోతోంది, శుక్రవారం ఊళ్లోని కాఫీ షాపులు కిక్కిరిసిపోతున్నాయి.

రైలు మీద ఇంతగా ఆధారపడితే ఏమవుతుందో 2018 మేలో తెలిసొచ్చింది. ఈ ఊరి మీదుగా వెళ్లే థేమ్స్‌లింక్ లైన్లో కొత్త టైమ్‌టేబుల్ మొదలుపెట్టారు. సరిపడా డ్రైవర్లకి ఆ రూట్ల మీద శిక్షణ పూర్తికాలేదు. వారాల తరబడి రైళ్లు వరసగా రద్దయ్యాయి. పక్కనున్న హార్పెండెన్ వాళ్లు అసలు టైమ్‌టేబుల్‌లోనే రద్దీవేళ రైళ్లు తగ్గించారని మండిపడ్డారు. రైలు ఆలస్యమైతే రైల్వే కొంత డబ్బు వాపసిస్తుంది. కానీ పిల్లల్ని తీసుకెళ్లడం ఆలస్యమైతే చాలా నర్సరీలు నిమిషాల లెక్కన ఫైన్ వేస్తాయి. భార్యాభర్తలిద్దరూ లండన్‌లో పనిచేసే ఇంట్లో సాయంత్రం ఐదున్నర నుంచి ఆరింటి దాకా ఉండే టెన్షన్ ఇదే. ఇద్దరి ఫోన్లలోనూ రైళ్ల యాప్ తెరిచే ఉంటుంది.

రైలు సంగతి సరే. పొలం సంగతి కాస్త ఓపిగ్గా చూడాలి, ఎందుకంటే మన దేశం నుంచి వెళ్లినవాళ్లకి అంత తేలిగ్గా మింగుడుపడనిది ఇదే. 1947 నాటి పట్టణ ప్రణాళికా చట్టంతో ఇంగ్లండ్‌లో సొంత స్థలంలో ఇల్లు కట్టుకునే హక్కు ప్రభుత్వం చేతికి వెళ్లింది. భూమి మీదే, అమ్ముకోవచ్చు, సాగుచేసుకోవచ్చు. ఇల్లు కట్టాలంటే మాత్రం ఊరి పాలన చూసే కౌన్సిల్ ఒప్పుకోవాలి. దాని మీద గ్రీన్ బెల్ట్ వచ్చి పడింది. లండన్ చుట్టూ కొంత భూమిని ఖాళీగా ఉంచాలని 1938లోనే చట్టం చేశారు. 1955లో ప్రభుత్వం మిగతా నగరాలనూ అదే బాట పట్టమంది. నగరం పాకిపాకి పక్క ఊళ్లని మింగకూడదన్నది దీని ఉద్దేశం. చాలామంది అనుకున్నట్టు ఇది అడవుల్నో పక్షుల్నో కాపాడే చట్టం కాదు. గ్రీన్ బెల్ట్‌లో గోల్ఫ్ కోర్సులున్నాయి, గుర్రాలు మేపుకునే గడ్డిబీళ్లున్నాయి, ఎందుకూ పనికిరాని తుప్పలున్నాయి. దానిలో చాలా భాగంలోకి మామూలు జనం అడుగు కూడా పెట్టలేరు. సెయింట్ ఆల్బన్స్ జిల్లాలో ఐదింట నాలుగు వంతుల భూమి ఈ లెక్కలోకే వస్తుంది.

దీని ఫలితం ధరల్లో కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో సాగుభూమి ఎకరం పది వేల పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది. ఈ ప్రాంతంలో అదే ఎకరానికి ఇళ్లు కట్టే అనుమతి వస్తే దాదాపు వంద రెట్లు పలుకుతుంది. మట్టి అదే, గడ్డి అదే. మారింది కాగితం. ఊళ్లో ఇల్లున్న ప్రతివాడి ఆస్తి విలువలోనూ ఆ కాగితం పుట్టకపోవడం వల్ల వచ్చిన వాటా కొంత ఉంది.

అందుకే వీధి దీపం స్తంభానికి ప్లాస్టిక్ కవర్లో పెట్టి కట్టిన ప్లానింగ్ నోటీసు కంటే ఈ ఊళ్లో వేగంగా పాకే వార్త ఉండదు. అభ్యంతరాలు చెప్పడానికి సాధారణంగా 21 రోజుల గడువుంటుంది. సాయంత్రానికల్లా వీధి వాట్సాప్ గ్రూపులో ఫొటో పడుతుంది, మర్నాటికి ఉత్తరం నమూనా తయారు. మా ఆస్తి విలువ తగ్గుతుందని ఎవరూ రాయరు. రాసినా ప్లానింగ్ అధికారి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. కాబట్టి ట్రాఫిక్ పెరుగుతుంది, డాక్టర్ అపాయింట్‌మెంట్ ఇప్పటికే దొరకట్లేదు, ఊరి స్వభావం చెడిపోతుంది అని రాస్తారు. ఇవన్నీ సాకులని నేననను. డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ దొరకకపోవడం నిజమే. కాకపోతే ఆ నిజం కొత్త ఇళ్ల నోటీసు పడ్డ వారంలో మరీ ఎక్కువ గుర్తొస్తుంది.

ఈ మొండితనం ఒక్కోసారి బెడిసికొడుతుంది కూడా. ప్రతి కౌన్సిల్‌కీ ఎక్కడ ఎన్ని ఇళ్లు కట్టాలో చెప్పే లోకల్ ప్లాన్ ఉండాలి. సెయింట్ ఆల్బన్స్ ఏళ్ల తరబడి 1994 నాటి ప్లాన్‌తోనే నెట్టుకొచ్చింది, దేశంలోకెల్లా పాతవాటిలో అదొకటి. కొత్తది తేవాలని రెండుసార్లు ప్రయత్నించింది. పొరుగు కౌన్సిళ్లతో కలిసి పనిచేయాలన్న చట్టపు నియమం పాటించలేదని రెండుసార్లూ తనిఖీ అధికారుల దగ్గరే ఆగిపోయింది. కొత్త ప్లాన్ లేకపోతే రాబోయే ఐదేళ్లకి సరిపడా స్థలాలు చూపించడం కష్టం. అప్పుడు బిల్డర్లు అప్పీలుకి వెళ్తారు. 2021 జూన్‌లో ఊరి పక్కన కోల్నీ హీత్‌లో సరిగ్గా ఇదే జరిగింది. గ్రీన్ బెల్ట్ పొలంలో 100 ఇళ్లకి స్థానిక కౌన్సిళ్లు ఒప్పుకోకపోయినా అప్పీలులో అనుమతి వచ్చేసింది. ఇళ్ల కొరత అంత తీవ్రంగా ఉన్నప్పుడు గ్రీన్ బెల్ట్ నియమాన్ని పక్కన పెట్టొచ్చన్నారు. ఎక్కడా వద్దని పట్టుబట్టిన ఊరికి, ఎక్కడ కట్టాలో ఎంచుకునే అవకాశమే చేజారిపోయింది.

2024 డిసెంబర్‌లో లేబర్ ప్రభుత్వం నిబంధనలు మార్చి, గ్రీన్ బెల్ట్‌లో అంతగా పనికిరాని భూమిని గ్రే బెల్ట్ అని విడదీసి, ఇళ్ల లక్ష్యాలు బాగా పెంచింది. ఈ విషయంలో అంతకుముందు కన్జర్వేటివ్ ప్రభుత్వం చేయి కాల్చుకున్న చరిత్ర ఉంది. 2021 జూన్‌లో చెషమ్ అండ్ ఆమర్‌షమ్ ఉప ఎన్నికలో తరతరాలుగా తమదే అనుకున్న సీటుని కన్జర్వేటివ్‌లు లిబరల్ డెమోక్రాట్లకి పోగొట్టుకున్నారు. కొత్త రైలుమార్గంతో పాటు ప్లానింగ్ సంస్కరణల మీద కోపం కూడా అందుకు ఒక కారణమన్నారు. ఆ సంస్కరణల్ని తర్వాత అటకెక్కించారు. 2024 ఎన్నికల్లో గిల్డ్‌ఫర్డ్, టన్‌బ్రిడ్జ్ వెల్స్, హార్పెండెన్ కూడా లిబరల్ డెమోక్రాట్లకే వెళ్లాయి. సెయింట్ ఆల్బన్స్ 2019లోనే వెళ్లింది. బ్రెగ్జిట్ రెఫరెండంలో ఇక్కడ 62 శాతానికి పైగా ఐరోపా సమాఖ్యలోనే ఉండాలన్నారు. బయటి ప్రపంచం విషయంలో ఇంత ఉదారంగా ఉండే ఊరు పక్క పొలం విషయానికొచ్చేసరికి ఎందుకంత బిగుసుకుపోతుందని కొందరు వెక్కిరిస్తారు. లక్షల పౌండ్ల అప్పు చేసి ఇల్లు కొన్నవాడికి మాత్రం అందులో వింతేమీ కనపడదు.

ఇక బడి. హాట్‌ఫీల్డ్‌కీ సెయింట్ ఆల్బన్స్‌కీ ఉన్న తేడాలో పెద్ద వాటా దీనిదేనని నా లెక్క. హాట్‌ఫీల్డ్‌ని రెండో ప్రపంచయుద్ధం తర్వాత ప్రభుత్వం న్యూ టౌన్‌గా విస్తరించింది, ఎక్కువగా మామూలు కార్మిక కుటుంబాల కోసం. సెయింట్ ఆల్బన్స్‌లో విక్టోరియన్ ఇళ్లు, వాటిలోకి వచ్చి చేరిన లాయర్లు, బ్యాంకర్లు, వాళ్ల పిల్లలతో మార్కులు పెరిగిన ప్రభుత్వ బడులు, ఆ మార్కులు చూసి వచ్చే మరికొంతమంది లాయర్లు. ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది. సీట్ల కంటే పిల్లలు ఎక్కువైనప్పుడు చాలా బడుల్లో ఆఖరి సీటు తేలేది ఇంటికీ బడికీ మధ్య దూరంతో. ఆ దూరం రోడ్డు మీద కొలిచేది కాదు, మ్యాపు మీద గీసిన సరళరేఖ. ఏడాదికోసారి ఆ హద్దు జరుగుతుంది. మీ వీధిలో బేసి నంబర్ల ఇళ్లకి సీటొచ్చి సరి నంబర్లకి రాకపోవచ్చు. హైస్కూలుకి అక్టోబర్ 31లోపు దరఖాస్తు పెట్టాలి, ఫలితం మార్చి 1న. ఆ రోజు పొద్దున ఊరంతా ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన రోజులా ఉంటుంది. కాకపోతే పరీక్ష రాసింది పిల్లలు కాదు, అమ్మానాన్నలు కొన్న ఇల్లు. ప్రైవేటు బడి ఫీజులపై 2025 జనవరి నుంచి 20 శాతం వ్యాట్ వేశారు. మంచి ప్రభుత్వ బడి పక్కనున్న ఇల్లంటే కళ్లకద్దుకునేవాళ్లు దాంతో ఇంకొంతమంది పెరిగారు.

ఇంత పెట్టి కొన్నది చూడ్డానికి ఎలా ఉంటుంది? స్టేషన్ దగ్గర విక్టోరియన్ కాలపు వరస ఇళ్లలో ఒకటి. వెడల్పు ఐదు గజాలుంటే గొప్ప. రెండు పక్కలా ఉమ్మడి గోడలు, కారు రోడ్డు మీదే. అటకని బెడ్‌రూముగా మార్చి, వెనక వంటగదిని తోటలోకి పొడిగించి ఉంటారు. వీడియో కాల్‌లో చూసి గుంటూరు నుంచి పెద్దమ్మ అడిగే ప్రశ్న ఒకటే: “ఏరా, పది కోట్లు పోసి కొన్నది ఇదేనా? పక్కింటివాళ్లు తుమ్మినా వినపడుతుందేమోరా!” వినపడుతుంది పెద్దమ్మా.

జీతాల సంగతి కూడా బయటి నుంచి కనపడినట్టు ఉండదు. ఇక్కడి సంభాషణల్లో తరచూ దొర్లే అంకె లక్ష పౌండ్లు. జీతం లక్ష దాటగానే పన్ను లేని మొదటి 12,570 పౌండ్ల వెసులుబాటు, దాటిన ప్రతి రెండు పౌండ్లకీ ఒక పౌండు చొప్పున తగ్గిపోతుంది. అంటే లక్ష నుంచి లక్షా పదివేలకి జీతం పెరిగితే ఆ పదివేలలో ఆదాయపు పన్ను 6 వేలు, నేషనల్ ఇన్సూరెన్స్ 200 పోయి చేతికొచ్చేది 3,800. అంతటితో అయిపోలేదు. చిన్నపిల్లలకి ప్రభుత్వమిచ్చే వారానికి 30 గంటల నర్సరీ సాయం కూడా లక్ష దాటితే ఆగిపోతుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరు దాటినా చాలు. ఇద్దరూ చెరో 99 వేలు సంపాదిస్తే సాయం వస్తుంది, ఒకరు లక్షా వెయ్యి సంపాదించి ఇంకొకరికి ఇరవై వేలే వస్తే రాదు. అందుకే బోనస్ వస్తే పండగ చేసుకునే బదులు దాన్ని పెన్షన్‌లోకి ఎంత నెట్టాలో లెక్కలేసుకుంటారు. ఊళ్లో పిల్లల్ని ఆడించే పార్కు బెంచీల మీద పన్నుచట్టం ఇంత వివరంగా చర్చించుకునే దేశం ఇంకోటి ఉంటుందనుకోను. లక్ష పౌండ్ల జీతగాడి కష్టాల మీద జాలిపడమని కాదు. అప్పు కంతు, రైలు, నర్సరీ పోగా నెలాఖరుకి వాళ్లకి మిగిలేది చూస్తే, పక్క ఊళ్లో సగం జీతంతో ఉండేవాడికీ వీళ్లకీ సుఖంలో తేడా అనుకున్నంత ఉండదని మాత్రమే.

అసలైన ఇబ్బంది ఊళ్లో పనిచేసే మిగతావాళ్లది. ఆ నర్సరీ టీచరు, వృద్ధాశ్రమంలో పనిచేసే కేర్ వర్కర్, కెఫేలో కాఫీ కలిపే కుర్రాడు ఈ రేట్లకి ఇక్కడ ఉండలేరు. చాలామంది లూటన్ నుంచో హాట్‌ఫీల్డ్ నుంచో వస్తారు. పొద్దున లండన్ ప్లాట్‌ఫామ్ నిండుగా ఉన్నప్పుడు లూటన్ రైల్లోంచి అక్కడ దిగేవాళ్లు వీళ్లే. ఊరంతా ధనికులదేనని కూడా అనలేం. కౌన్సిల్ తక్కువ అద్దెకిచ్చే ఇళ్లున్న సోప్‌వెల్ ఉంది, బంగ్లాదేశీ కుటుంబాలు ఏళ్లుగా ఉన్న ఫ్లీట్‌విల్ ఉంది. ఇళ్ల ఏజెంట్ల బ్రోచర్లలో అవి అంతగా కనపడవు.

మన తెలుగువాళ్లకి బ్రిటన్‌లో అలవాటైన చోట్లు స్లౌ, రెడింగ్, హౌన్‌స్లో, మిల్టన్ కీన్స్. అక్కడ పచ్చిమిర్చి, కరివేపాకు దొరుకుతాయి, బతుకమ్మకి హాలు నిండుతుంది. ఇలాంటి ఊళ్లకి వచ్చేవాళ్లు బడి కోసం వస్తారు, ఎక్కువగా డాక్టర్లూ ఐటీలో పై మెట్ల వాళ్లూ. గుడి కావాలంటే కారులో కాసేపట్లో వాట్‌ఫర్డ్ దగ్గర భక్తివేదాంత మేనర్ ఉంది, బీటిల్స్ జార్జ్ హారిసన్ 1973లో ఇస్కాన్‌కి ఇచ్చిన భవనం. జన్మాష్టమికి అక్కడ ఇసుకేస్తే రాలదు. వేంకటేశ్వరుడి కోసమైతే బర్మింగ్‌హామ్ పక్కన టివిడేల్ దాకా వెళ్లాలి. ఇరుగుపొరుగు మర్యాదగా ఉంటారు. పార్సెల్ వస్తే తీసి పెడతారు, బిన్ బయట పెట్టడం మర్చిపోతే గుర్తుచేస్తారు. భోజనానికి పిలవడానికి మాత్రం రెండేళ్లు పట్టొచ్చు. పిల్లల ఫుట్‌బాల్ టీమే మొదటి స్నేహాలకి దారి. ఆదివారం పొద్దున గడ్డకట్టే చలిలో గ్రౌండ్ అంచున నిలబడి చప్పట్లు కొట్టిన తండ్రికి, ఆ గ్రౌండ్ పక్కన ఫ్లాట్లు రాకూడదన్న పిటిషన్ మీద సంతకం అడిగే రోజు త్వరలోనే వస్తుంది. చాలామంది పెడతారు కూడా. ఇల్లు కొన్నాక ఎవరైనా ఊరివాళ్లే.

పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఈ ఏర్పాటు ఇంకో మలుపు తిరుగుతుంది. ఇక్కడే పుట్టి పెరిగిన అమ్మాయికి పాతికేళ్లొచ్చి ఉద్యోగం వచ్చినా ఇక్కడ చిన్న ఫ్లాట్ కొనే స్తోమత ఉండదు. లండన్‌లో గది అద్దెకి తీసుకుంటుంది, లేదా పైకి బెడ్‌ఫర్డ్ వైపు వెళ్తుంది. నాలుగు బెడ్‌రూముల ఇంట్లో అమ్మానాన్నలిద్దరే మిగులుతారు. వాళ్లు చిన్న ఇంటికి మారితే ఒక కుటుంబానికి చోటు దొరుకుతుంది. కానీ 6.5 లక్షల పౌండ్ల చిన్న ఇల్లు కొన్నా స్టాంప్ డ్యూటీ 22,500 పౌండ్లు కట్టాలి. ఉన్న ఇంట్లోనే ఉంటే కట్టేది కౌన్సిల్ టాక్స్ ఒక్కటే. దాని శ్లాబు ఇప్పటికీ 1991 ఏప్రిల్ నాటి ఇంటి ధరని బట్టే తేలుతుంది. సొంత ఇల్లు కాబట్టి పెరిగిన విలువ మీద పన్ను లేదు. కదిలితే ఖర్చు, కదలకపోతే లాభం. పైగా కదులుదామన్నా మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి లిఫ్టు, మార్కెట్‌కి నడక దూరం ఉన్న ఫ్లాట్లు ఊళ్లో చాలా తక్కువ. అలాంటివి కడతామని ఎవరైనా దరఖాస్తు పెడితే, ఎత్తు ఎక్కువైందని, పార్కింగ్ చాలదని కౌన్సిల్‌కి చేరే ఉత్తరాల్లో ఇలాంటి దంపతులు రాసినవీ ఉంటాయి.